సర్వీసులో ఉండి ఐఈఎల్టీఎస్ రాసిన టీచర్లు ఎవరన్నా ఉన్నరా? రైటింగ్ 5.5 దాటుతలేదు

దేవరకొండ_లెక్కల_టీచర్:

నమస్తే అందరికీ. నేను నల్గొండ జిల్లాల దేవరకొండ వైపు ఒక జెడ్పీ హైస్కూల్ల మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌గా చేస్తున్న. చదివిందంతా తెలుగు మీడియమే, డిగ్రీ కూడా. బీఎడ్ అయినంక డీఎస్సీల ఉద్యోగం వచ్చింది. 2022ల ఇంగ్లీష్ మీడియం పెట్టినప్పటిసంది క్లాసుల సగం ఇంగ్లీషు సగం తెలుగు నడుస్తుంది.

ఎప్పటినుంచో మనసుల ఒకటి ఉంది. మా పిల్లలు ఏడో తరగతికి వచ్చినా భిన్నాల కాడ ఎందుకు ఆగిపోతున్నరు, మైనస్ గుర్తు చూస్తే ఎందుకు బెదురుతున్నరు, ఇది ఒక పద్ధతి ప్రకారం చదువుకోవాలె అని. యూకేల మ్యాథ్స్ ఎడ్యుకేషన్ మీద ఏడాది మాస్టర్స్ కోర్సులు ఉన్నయి, సిలబస్ చదువుతుంటే నా క్లాస్‌రూమ్ గురించే రాసినట్టు అనిపించింది. చదువుకొని మళ్ళ వెనక్కి రావాలె అనే నా ఆలోచన. మా ఆయన కూడా సరే అన్నడు, పిల్లల్ని మా అమ్మ చూసుకుంటనన్నది. ఇగ మిగిలింది ఈ ఇంగ్లీష్ టెస్టే.

నేను చూసిన యూనివర్సిటీ ఐఈఎల్టీఎస్ (విదేశీ చదువులకు రాసే ఇంగ్లీష్ పరీక్ష, స్కోరు 9 దాకా ఉంటది) ఓవరాల్ 6.5 అడుగుతుంది, ఏ ఒక్క దాంట్ల కూడా 6 కంటే తగ్గొద్దు. ఇంట్ల కూసొని మాక్ టెస్టులు రాస్తే లిసనింగ్ 7, రీడింగ్ 7 వస్తున్నయి, స్పీకింగ్, రైటింగ్ తెలిసిన మేడం చూసి వేసింది, స్పీకింగ్ 6, రైటింగ్ 5.5. నాలుగూ కలిపి 25.5, నాలుగుతోటి భాగిస్తే 6.375, రౌండ్ చేస్తే ఓవరాల్ 6.5 అయితది. అయినా రైటింగ్ 6 లేదు కాబట్టి లాభం లేదు. లెక్కల టీచర్‌ని, లెక్క కుదిరినా సీటు కుదరకపోతే ఎంత బాధ ఉంటదో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీష్ మీడియంల పాఠం చెప్తున్న అని మా హెచ్ఎం సార్ లెటర్ ఇస్తే నడుస్తదా? లేకపోతే ఐఈఎల్టీఎస్ వదిలేసి డ్యూలింగో, పీటీఈ లాంటి వేరే ఇంగ్లీష్ టెస్టులు చూడాల్నా? కోచింగ్‌కి దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి వచ్చుడు నాతోని కాదు, టెన్త్ స్పెషల్ క్లాసులు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతది. డిపార్ట్‌మెంట్ పర్మిషన్ సంగతి కూడా తెలిసినోళ్ళు చెప్పుండ్రి.


పాలమూరు_ఇంగ్లీష్_ఎస్ఏ:

మేడం నమస్తే. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌ని, ఐఈఎల్టీఎస్ రాసిన, తర్వాత తెలిసిన టీచర్లు కొందరికి దగ్గరుండి ప్రాక్టీస్ చేయించిన, కాబట్టి రైటింగ్ గురించే ఎక్కువ చెప్తా, మిగతావి ఇంకొకరు చెప్తరు.

ముందు హెచ్ఎం లెటర్ సంగతి. కొన్ని యూనివర్సిటీలు మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ లెటర్ చూస్తయి, కానీ అది మీరు ఏ మీడియంలో చదివిండ్రు అనేదానికి, ఏ మీడియంలో చెప్తున్నరు అనేదానికి కాదు. మీ డిగ్రీ తెలుగు మీడియం కాబట్టి ఆ దారి మీకు పనిచేయదు. కొన్ని యూకే యూనివర్సిటీలు ఇంటర్ ఇంగ్లీష్ మార్కులు కూడా చూస్తయి, బోర్డును బట్టి ఎన్ని రావాలో వాళ్ళ సైట్‌లో ఇండియా పేజీలో రాసి ఉంటది, మీ మెమో ఒకసారి తీసి చూడండి. కుదరకపోతే టెస్టే.

ఇప్పుడు రైటింగ్. మనం టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌కి పోతం కదా, చేతిలో కీ పేపర్ ఉంటది, ఏ స్టెప్‌కి ఎన్ని మార్కులో రాసి ఉంటది. ఇక్కడ కీ లేదు. నాలుగు విషయాలు చూస్తరు, నాలుగింటికీ సమానంగా మార్కులు. అడిగిన ప్రశ్నకి పూర్తిగా జవాబు చెప్పినరా, పేరా పేరాకి ఆలోచన వరసగా నడిచిందా, మాటల వాడకం ఎట్లుంది, గ్రామర్ ఎట్లుంది. ఈ నాలుగింటికీ ఏ బ్యాండ్‌కి, అంటే ఏ స్కోరుకి, ఏం ఉండాలో వివరంగా రాసిన డిస్క్రిప్టర్లు ఐఈఎల్టీఎస్ సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతయి. మొట్టమొదట అది ప్రింట్ తీసుకోండి. 5 కి ఏం రాసిండ్రు, 6 కి ఏం రాసిండ్రు, పక్కపక్కన పెట్టుకొని చదవండి, తేడా ఎక్కడుందో పెన్నుతో గీసుకోండి. వాల్యుయేషన్ చేసిన చేయి కాబట్టి మీకు తొందరగా దొరుకుతది.

నేను చూసినంతల మన టీచర్లకు 5.5 దగ్గర ఆగడానికి గ్రామర్ కంటే మొదటి విషయమే కారణం, అంటే ప్రశ్నకి జవాబు. టాస్క్ 2 లో, అంటే ఎస్సేలో, ఒక మాట ఇచ్చి నువ్వు ఎంతవరకు ఒప్పుకుంటవ్ అని అడుగుతరు. మనోళ్ళు రెండు వైపులా గొప్పగా రాస్తరు, ఇటు మంచి అటు మంచి, చివరికి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి అని ముగిస్తరు. నీ అభిప్రాయం ఏందో మొదటి పేరాలోనే చెప్పాలె, ప్రతి పేరా దాన్నే మోయాలె. మనం చిన్నప్పటినుంచి వ్యాసం అంటే ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు అని రాసినం, అదే ఇక్కడ మార్కులు తింటది. ఇంకోటి, కోచింగ్ సెంటర్లలో బట్టీ పట్టించే రెడీమేడ్ వాక్యాలు. ఏ టాపిక్‌కైనా అతికే మొదటి లైను, చివరి లైను. ఎగ్జామినర్ అవి రోజూ చూస్తడు, బట్టీ పట్టింది అని తెలిస్తే ఆ భాగానికి విలువ ఇయ్యడు.

టైమ్ 60 నిమిషాలు, టాస్క్ 1, అంటే గ్రాఫ్ లాంటిది చూసి రాసేది, కనీసం 150 పదాలు, టాస్క్ 2 కనీసం 250. టాస్క్ 2 కి రెండింతల వెయిటేజి. కాబట్టి టాస్క్ 1 ఇరవై నిమిషాలకి ఆపేయాలె, అది బాగా వచ్చినా రాకున్నా. లెక్కల టీచర్లు గ్రాఫ్ ఇష్టంగా రాస్తూ అక్కడే అరగంట పోగొడతరు, ప్రతి నంబరూ రాయాలనిపిస్తది వాళ్ళకి. వద్దు. మొత్తం మీద ఏం జరిగిందో రెండు వాక్యాల ఓవర్‌వ్యూ ఉండాలె, అది లేకుంటే ఎన్ని నంబర్లు రాసినా 6 దాటుడు కష్టం.

గ్రామర్ల మన తెలుగోళ్ళకి రెండే పెద్ద గుంతలు. ఒకటి ఆర్టికల్స్, మన భాషలో లేవు కాబట్టి చేయి తనంతట తాను వాటిని రాయదు. రెండోది ప్రతిదానికీ కంటిన్యువస్ టెన్స్, ఐ యామ్ హావింగ్, ఐ యామ్ నోయింగ్ అని. ఎస్సే అయిపోయినంక చివరి నాలుగు నిమిషాలు ఈ రెండింటి కోసమే చదవండి, వేరే ఏదీ చూడొద్దు.


సాగర్_పెద్దసారు:

అమ్మా నీ పోస్టు చదివిన, మనసుకు కష్టమైంది. ముప్పై ఏండ్లు బడిల పనిచేసి రిటైర్ అయిన మనిషిగ చెప్తున్న. పల్లెల తెలుగు మీడియం చదివి, డీఎస్సీ కొట్టి, ఏండ్లకేండ్లు పిల్లలకు పాఠం చెప్పిన టీచర్‌కి చదువు మీద చదువుకునే అర్హత ఉందా లేదా అని రెండున్నర మూడు గంటల పరీక్ష తేలుస్తదా? అదే హైదరాబాద్‌ల కార్పొరేట్ బడిల చదివిన పిల్లగాడు పిల్లల ముఖం చూడకున్నా 8 తెచ్చుకుంటడు. భిన్నాలు పిల్లలకెందుకు రావో నీకు తెలిసినంత వానికి తెలుస్తదా? ఆ పరీక్ష ఫీజు కూడా 17, 18 వేలు అంటున్నరు, ప్రైవేటు బడి టీచర్‌కి అది నెల జీతం కంటే ఎక్కువ.

నన్నడిగితే ఇక్కడే మంచి చోట్లు ఉన్నయి. బెంగుళూరుల అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీల ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది, 2022ల మన టీచర్లకు ఇంగ్లీష్ ట్రైనింగ్ ఇచ్చుట్ల కూడా వాళ్ళే ఉండె. ముంబైల హోమీ భాభా సెంటర్ ఉంది, టీఐఎఫ్ఆర్ అనే టాటా పరిశోధన సంస్థ కిందిది, సైన్సు, లెక్కలు పిల్లలు ఎట్ల నేర్చుకుంటరనే దాని మీదనే వాళ్ళ పరిశోధన. అక్కడ ఎవరూ ఐఈఎల్టీఎస్ అడగరు. ఆలోచించు బిడ్డా.


దేవరకొండ_లెక్కల_టీచర్:

పాలమూరు సార్, చాలా థాంక్స్ సార్. రెండు వైపులా రాసుడు అనేది అచ్చం నాదే, మీరు నా పేపర్ చూసి చెప్పినట్టే ఉంది.

పెద్దసారు, మీ మాట నాకు చాలా ధైర్యం సార్. హోమీ భాభా సెంటర్ గురించి రాసుకున్న, తప్పకుండ చూస్త. కానీ సార్ ఒక్క మాట, ఇక్కడ చదివినా ముంబైల చదివినా ఎడ్యుకేషన్ మీద పుస్తకాలు, పేపర్లు అన్నీ ఇంగ్లీషులనే కదా. టెస్టు లేకపోతే టెస్టు బాధ తప్పుతది, చదువుడు బాధ తప్పదు. అందుకే నేను టెస్టును తిట్టుకోకుండ నేర్చుకుందామనే చూస్తున్న. ఫీజు విషయంల మాత్రం మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం.


షాద్‌నగర్_సైన్స్:

మేడం గారు, వేరే టెస్టుల గురించి క్లుప్తంగా చెప్తాను.

ఏ టెస్టు అన్నది దేశం, యూనివర్సిటీ చూసుకొని డిసైడ్ అవ్వాలి, మన వీలు చూసుకొని కాదు. డ్యూలింగో ఇంట్లో కూర్చుని గంటలో అయిపోతుంది, ఫీజు కూడా ఐఈఎల్టీఎస్‌లో సగం లోపే, అమెరికా యూనివర్సిటీలు చాలా వరకు తీసుకుంటాయి, పైగా అమెరికా వీసాకి విడిగా ఇంగ్లీష్ టెస్ట్ అంటూ ఏమీ లేదు, యూనివర్సిటీ ఒప్పుకుంటే చాలు. అదే డ్యూలింగో ఆస్ట్రేలియా వీసాకి పనికిరాదు. యూకేలో కొన్ని తీసుకుంటాయి కొన్ని తీసుకోవు. పీటీఈ మొత్తం కంప్యూటర్ మీదే, స్పీకింగ్ కూడా మైకులోనే, మనిషి ఎదురుగా ఉంటే తడబడేవాళ్ళకి అది బాగుంటుంది, స్కోరు 10 నుంచి 90. టోఫెల్ 2026 జనవరి నుంచి మారిపోయింది, స్కోరు స్కేలే 1 నుంచి 6 కి మార్చారు, కాబట్టి పాత మెటీరియల్, పాత యూట్యూబ్ వీడియోలు చూసి ప్రిపేర్ కావద్దు.

ఒక హెచ్చరిక. మాస్టర్స్ కోసం అడిగే స్కోరు వేరు, అక్కడ టీచర్‌గా ఉద్యోగం చేయడానికి అడిగే స్కోరు వేరు. ఆస్ట్రేలియాలో టీచర్ స్కిల్ అసెస్‌మెంట్ చేసే ఏఐటీఎస్ఎల్ వాళ్ళు ఐఈఎల్టీఎస్ అకడమిక్‌లో రీడింగ్ రైటింగ్ 7, లిసనింగ్ స్పీకింగ్ 8 అడుగుతారు. కన్సల్టెన్సీ వాళ్ళు సీటు ఇప్పించేటప్పుడు ఇది చెప్పరు. ఎంఏ ఎడ్యుకేషన్ చేస్తే అక్కడ బడిలో చేరొచ్చు అని ఊరిస్తారు, అందులో చాలా కోర్సులకి టీచింగ్ లైసెన్స్‌తో సంబంధమే ఉండదు. మేడం గారు చదువుకొని వెనక్కి వచ్చే ఆలోచనతో ఉన్నారు కాబట్టి సరే, కానీ ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ళు గుర్తు పెట్టుకోండి.

రీడింగ్‌లో 7 వస్తుందన్నారు కదా, ఇంకొంచెం పెంచుకోవచ్చు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో మన సైన్స్, మ్యాథ్స్ వాళ్ళం మనకు తెలిసింది పెట్టేస్తాం. ప్యాసేజ్‌లో లేకపోతే మనకి తెలిసిన నిజమైనా సరే నాట్ గివెన్. 40 లో 30 వస్తే దాదాపు 7, ఇంకో మూడు పెరిగితే 7.5 కి చేరుతుంది. ఇవి పెంచినా రైటింగ్ కనీసం 6 అనే షరతు పోదు అనుకోండి, కానీ ఓవరాల్‌కి భయం ఉండదు.


మిర్యాలగూడ_పిల్ల_యూకే:

అక్కా హాయ్. నేను మిర్యాలగూడ దగ్గర ప్రైవేట్ స్కూల్‌లో చెప్పి ఇప్పుడు యూకేలో ఎంఏ ఎడ్యుకేషన్ చేస్తున్నా, కాబట్టి రెండు వైపులా చూసినదాన్ని.

సాగర్ సార్ అన్నదాంట్లో అన్యాయం గురించి నాకూ అదే కోపం ఉండేది సార్. కానీ ఇక్కడికి వచ్చాక తెలిసింది ఏంటంటే అక్కా, 6.5 అనేది గోడ కాదు, అది ఇక్కడ బతకడానికి కనీసం. వారం వారం చదవాల్సిన ఆర్టికల్స్ ఇస్తారు, సెమినార్‌లో వాటి మీద నీ మాట అడుగుతారు, ఒక్కో మాడ్యూల్‌కి వేల పదాల ఎస్సే, చివరికి డిసర్టేషన్. నా క్లాసులో 6.5 అంచు మీద వచ్చినవాళ్ళం మొదటి టర్మ్ అంతా నిద్రలేకుండా గడిపాం, రాసిన ఎస్సేలో మన వాదన ఎక్కడుంది అని ప్రతిసారీ అడుగుతారు. అందుకే అక్కా 6 తెచ్చుకుంటే చాలు అనుకోకు, 6.5 రైటింగ్‌లోనే తెచ్చుకునేటట్టు చెయ్యి. టెస్టు కోసం కాదు, వచ్చాక నీకు హాయిగా ఉంటది.

స్పీకింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తా. మనం టీచర్లం రోజంతా ఇంగ్లీష్ మాట్లాడతాం అనుకుంటాం, కానీ క్లాసులో మనం మాట్లాడేది ఏంటి? పుస్తకం తెరవండి, రాసుకోండి, అర్థమైందా, నెక్స్ట్. అన్నీ రెండు మూడు మాటల వాక్యాలు, పైగా ప్రశ్న ఎప్పుడూ మనమే వేస్తాం. టెస్టులో 11 నుంచి 14 నిమిషాలు వాళ్ళు అడుగుతారు, మనం చెప్పాలి. పార్ట్ 2 లో ఒక కార్డ్ ఇస్తారు, ఒక్క నిమిషం ఆలోచించుకొని రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడాలి. పార్ట్ 3 లో కారణాలు అడుగుతారు, పల్లెల్లో పిల్లలు చదువు ఎందుకు ఆపేస్తారు, టెక్నాలజీ టీచర్ స్థానం తీసుకుంటుందా, ఇట్లాంటివి. వీటి మీద మనకి చెప్పడానికి చాలా ఉంది, కానీ ఇంగ్లీష్‌లో ఎప్పుడూ చెప్పి ఉండం. నేను చేసిన పని ఒకటే, స్కూల్ బస్‌లో ఇంటికి వచ్చేటప్పుడు ఆ రోజు క్లాసులో జరిగింది ఫోన్‌లో రికార్డ్ చేసేదాన్ని, రెండు నిమిషాలు, ఎవరు ఏ తప్పు చేశారు, ఎందుకు చేసి ఉంటారు అని. రాత్రి విని ఎక్కడ ఆగిపోయానో చూసుకునేదాన్ని. అదే చెయ్యి అక్కా, నీ భిన్నాల గురించే మాట్లాడు, అది రేపు నీ డిసర్టేషన్‌కి కూడా పనికొస్తది. మన యాస గురించి అస్సలు భయపడకు, యాసకి మార్కులు తీయరు, మాట స్పష్టంగా అర్థమవ్వాలి అంతే.

డబ్బుల సంగతి. నేను బీసీ, మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి మీద వచ్చాను, 20 లక్షల దాకా ఇస్తారు, ఎస్సీ ఎస్టీలకి అంబేద్కర్ పేరు మీద ఉంది, మైనారిటీలకి వేరే ఉంది. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. అక్కా నీది స్కూల్ అసిస్టెంట్ జీతం కాబట్టి నీకు రాదు, కానీ ప్రైవేట్ స్కూళ్ళలో చేసే అక్కలు అన్నలు ఇది చదువుతుంటే తప్పకుండా చూడండి, మనలాంటి వాళ్ళకోసమే పెట్టింది అది. దానికి కూడా ఇంగ్లీష్ టెస్ట్ స్కోర్ ఉండాలి. నీకైతే యూకే ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ చూడు అక్కా, కనీసం రెండేళ్ళ అనుభవం అడుగుతారు, ఏడాది మాస్టర్స్‌కే ఇస్తారు, అయిపోయాక రెండేళ్ళు మన దేశంలో ఉండాలి, నువ్వు ఎట్లాగూ వెనక్కి వస్తానంటున్నావ్ కదా. ఆగస్టులో అప్లికేషన్లు తెరుస్తారు. చీవెనింగ్ వాళ్ళు సొంతంగా ఇంగ్లీష్ స్కోర్ అడగరు, కానీ యూనివర్సిటీ అడుగుతుంది కాబట్టి టెస్ట్ తప్పదు.

ఇంకోటి ముందే చెప్తున్నా, 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ వాళ్ళు భర్త, పిల్లల్ని డిపెండెంట్ వీసా మీద తీసుకురావడానికి లేదు. పిల్లలు అమ్మ దగ్గర అన్నావు కాబట్టి నీకు తెలిసే ఉంటది.


అచ్చంపేట_యూనియన్:

డిపార్ట్‌మెంట్ సంగతి నేను చెప్తా మేడం.

అన్నిటికంటే ముందు పాస్‌పోర్ట్. పాస్‌పోర్ట్ లేకుంటే ఇక్కడ ఐఈఎల్టీఎస్‌కి స్లాటే బుక్ కాదు, ఆధార్ చూపిస్తే హాల్‌లకి రానియ్యరు. గవర్నమెంట్ ఉద్యోగులం కాబట్టి ఎన్ఓసీ (అభ్యంతరం లేదని డిపార్ట్‌మెంట్ ఇచ్చే కాయితం) అన్నా ఉండాలె, లేకుంటే పాస్‌పోర్ట్‌కి అప్లై చేస్తున్న అని డిపార్ట్‌మెంట్‌కి ముందస్తు సమాచారం లెటర్ ఇచ్చి దాని కాపీ పెట్టాలె. ఈ రెండోది తొందరగా అయితది. ఎన్ఓసీ కోసం ఫైల్ తిరుగుతూ కూర్చుంటే విద్యా సంవత్సరం పోతది, నా సొంత ఫైల్ ఒక ఆఫీసుల టేబుల్ మీద నెలలు పడుకుంది.

విదేశానికి పోవడానికి పర్మిషన్ వేరే, లీవు వేరే, ఈ రెండు ఒకటి అనుకొని చాలామంది ఇబ్బంది పడుతున్నరు. రెండింటికీ హెచ్ఎం ద్వారా ప్రాపర్ చానల్ల డీఈఓకి పోవాలె. స్టడీ లీవుకి సర్వీసు కనీసం ఐదేండ్లు ఉండాలె, తిరిగొచ్చి పనిచేస్త అని బాండ్ రాయాలె. చదువు మీరు చేసే పనికి సంబంధించింది అని అప్లికేషన్ల చూపించాలె, మీది మ్యాథ్స్ ఎడ్యుకేషన్ కాబట్టి బలంగా ఉంటది, మీ పోస్టుల రాసిన ఆ భిన్నాల ముచ్చటే అప్లికేషన్ల రాయండి. అది కుదరకుంటే జీతం లేని లీవు, ఈఓఎల్ అంటరు, అది ఉంది. ఏదైనా కాయితం చేతికి వచ్చినంకనే విమానం ఎక్కండి. ఆర్డర్ లేకుండ పోయి వచ్చినంక సర్వీసు బ్రేక్ అని తిరిగేటోళ్ళని చూసిన, వద్దు ఆ బాధ.

ఆఫర్ లెటర్ ఉంటే ఫైల్ కదులుతది, ఆఫర్ లెటర్ రావాలంటే టెస్ట్ స్కోర్ కావాలె. అందుకని టెస్ట్ ముందు రాయండి, కానీ మరీ ముందు కాదు, స్కోర్ రెండేండ్లే చెల్లుతది.


దేవరకొండ_లెక్కల_టీచర్:

ఇంతమంది ఇంత వివరంగ రాస్తరనుకోలేదు, అందరికీ పేరు పేరున దండాలు.

పాస్‌పోర్ట్ ఉంది సార్, ఉద్యోగం రాకముందుదే, రెన్యువల్ చేయాలె, ముందస్తు సమాచారం లెటర్ సోమవారం హెచ్ఎం సార్‌కి ఇస్త. చెల్లె చెప్పినట్టు బడి నుంచి వచ్చేటప్పుడు రికార్డ్ చేసుడు మొదలు పెట్టిన. రెండు నిమిషాలు అంటే ఇంత పొడుగా అనిపించింది, నలభై సెకన్లకే మాటలు అయిపోయినయి.

పాలమూరు సార్, మీకు ఒకటి చూపిస్త. టాస్క్ 1 కోసం నాగార్జునసాగర్ నీటిమట్టం గ్రాఫ్ నేనే తయారు చేసుకున్న, జూన్ నుంచి డిసెంబర్ దాకా, ఒక వానలు బాగా పడ్డ ఏడాది, ఒక కరువు ఏడాది, మా పిల్లలకు లైన్ గ్రాఫ్ పాఠానికి కూడా అదే వాడిన. దాని మీద రాసిన జవాబుల మొదటి పేరాల అక్షం మీద ఏముంది, యూనిట్ ఏంది, ఫుల్ రిజర్వాయర్ లెవల్ 590 అడుగులు, తర్వాత నెల నెలా ఎంత ఉందో రాసిన. చివరికి 230 పదాలు అయినయి, అరగంట పట్టింది. ఓవర్‌వ్యూ అంటే ఇందుల ఏది రాయాలె సార్? ఇంకోటి, వన్ స్కిల్ రీటేక్ అని ఒకటి ఉందంట కదా, రైటింగ్ ఒక్కటే మళ్ళీ రాయొచ్చా?


పాలమూరు_ఇంగ్లీష్_ఎస్ఏ:

మేడం మంచి గ్రాఫ్ ఎంచుకున్నరు. ఇప్పుడు మీ జవాబులో నంబర్లన్నీ చేత్తో మూసేసి గ్రాఫ్‌ని గోడకి పెట్టి దూరం నుంచి చూడండి. ఏం కనిపిస్తది? వానల ఏడాది ఆగస్టు తర్వాత గీత నిట్టనిలువుగా లేచి పైన నిలబడ్డది, కరువు ఏడాది కొంచెం లేచి మళ్ళీ కిందికి జారింది, రెండింటి మధ్య దూరం చివరికి బాగా పెరిగింది. అదే ఓవర్‌వ్యూ, నంబర్ లేకుండా రెండు వాక్యాలు. దాన్ని మొదటి వాక్యం అయిపోయిన వెంటనే రాయండి, చివరికి టైమ్ ఉండకపోవచ్చు. తర్వాత నెల నెలా వద్దు, ఎక్కడ మలుపు ఉందో అక్కడి నంబర్లే. 590 అడుగులు అనేది గ్రాఫ్‌లో గీసి ఉంటేనే రాయాలె, మనకి తెలుసు కదా అని రాస్తే లాభం లేదు, షాద్‌నగర్ సార్ రీడింగ్ గురించి చెప్పిందే ఇక్కడ కూడా. 230 పదాలు వద్దు, 170, 180 దగ్గర ఆగండి, మిగిలిన పది నిమిషాలు టాస్క్ 2 కి పోవాలె.

వన్ స్కిల్ రీటేక్ ఉంది. కంప్యూటర్ మీద రాసినవాళ్ళకే, మొదటి టెస్ట్ అయిన 60 రోజుల లోపు రాయాలె, నాలుగింట్లో ఏదో ఒక్కటే. కానీ దాన్ని అన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, కాబట్టి ఇప్పుడే అడ్మిషన్ వాళ్ళకి మెయిల్ పెట్టి అడగండి, జవాబు దాచిపెట్టుకోండి. అర బ్యాండ్ తగ్గినవాళ్ళకి కొన్ని యూనివర్సిటీలు కోర్సుకి ముందు కొన్ని వారాల ప్రీసెషనల్ ఇంగ్లీష్ క్లాసులు పెడతయి, దానికి ఫీజు వేరే, చాలా చోట్ల యూకే వీసా కోసం పెట్టిన యూకేవీఐ అనే రకం ఐఈఎల్టీఎస్ అడుగుతరు. అదే మెయిల్‌లో అది కూడా అడిగేయండి.

కంప్యూటర్ టెస్టే బుక్ చేయండి, పదాల లెక్క స్క్రీన్ మీదనే కనిపిస్తది. కానీ ముందు టైపింగ్ చూసుకోండి, మనం తెలుగులో వాట్సాప్ కొట్టినంత స్పీడ్ ఇంగ్లీష్ కీబోర్డ్ మీద ఉండదు. బడిలో కంప్యూటర్ ల్యాబ్ ఉంటే మధ్యాహ్నం లంచ్‌లో పది నిమిషాలు కొట్టండి. సెంటర్ హైదరాబాద్‌ల ఉంటది కాబట్టి పొద్దున స్లాట్ అయితే ముందు రోజే పోయి చుట్టాల ఇంట్లో ఉండండి, దేవరకొండ నుంచి తెల్లారుజామున బస్సు ఎక్కి పోయి మూడు గంటలు పరీక్ష రాసుడు మంచిది కాదు.

టెన్త్ పరీక్షలు అయినంక ఏప్రిల్‌లో డేట్ పెట్టుకోండి. అప్పటిదాకా వారానికి ఒక్క టాస్క్ 2 రాసి ఇక్కడే పెట్టండి, నేను ఆదివారం చూసి బ్యాండ్ వేస్త, ఎందుకు వేసిన్నో కూడా రాస్త. మొదటి టాపిక్ ఇది: బడిలో లెక్కలు అందరికీ ఒకేలా నేర్పాలా, పిల్లవాడి స్థాయిని బట్టి వేరు వేరుగా నేర్పాలా, మీరు ఏమంటరు? ఒక్క వైపే నిలబడి రాయండి.